మెదడు ఫోటోలో పడనివి



"స్కానింగులో ఏమీ లేదన్నారండి."

ఈ మాట మీరెన్నిసార్లు విని ఉంటారు? మా పెనుగొండలో అయితే తణుకు నుంచో, భీమవరం నుంచో, రాజమండ్రి నుంచో బస్సు దిగి, ఆ పెద్ద కవరు చంకలో పెట్టుకుని వచ్చినవాళ్ళు వీధిలో మొదట చెప్పే మాట ఇదే. కొందరు ఈ మాట సంతోషంగా చెబుతారు, అమ్మయ్య అనుకుంటూ. కొందరు మాత్రం ఇంకోలా చెబుతారు. "ఇన్ని వేలు పోశాం, తీరా చూస్తే ఏమీ లేదట" అని. ఆ "అట"లో ఒక నింద ఉంటుంది చూశారూ, అది డాక్టరు మీదా కాదు, మిషను మీదా కాదు. జబ్బు పడ్డ మనిషి మీద. ఆ మనిషి ఇంటి కోడలైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఫోటోలో లేకపోతే జబ్బు లేనట్టేనా? దీనికి జవాబు కావాలంటే అసలీ ఫోటో ఎలా పుట్టిందో, దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో కాస్త వెనక్కి వెళ్ళి తెలుసుకోవాలి. నేను డాక్టర్ని కాను. స్కూలు చదువుతో ఆగి వంటింట్లోకి వచ్చినదాన్ని. అందుకని వంటింటి భాషలోనే చెబుతాను.

కొబ్బరికాయ కొనేటప్పుడు మనమేం చేస్తాం? చెవి దగ్గర పెట్టి ఆడిస్తాం. నీళ్ళ చప్పుడు విని కాయ మంచిదో కాదో ఊహిస్తాం. లోపల కుళ్ళిందా లేదా అన్నది కొడితేగాని తెలియదు. మెదడు విషయంలో డాక్టర్ల పరిస్థితీ చాలాకాలం సరిగ్గా ఇంతే. చెయ్యి పడిపోయిందా, మాట పోయిందా, చూపు తగ్గిందా అని పైనుంచి పరీక్షించి, లోపల ఫలానాచోట చెడి ఉంటుందని ఊహించేవారు. ఆ ఊహ నిజమో కాదో మనిషి పోయిన తరవాత కోసి చూస్తేగాని తేలేది కాదు.

1895లో జర్మనీలో రాంట్‌జెన్ గారు ఎక్స్‌రే కనిపెట్టారు. ఆయన మొదట తీసిన ఫోటోల్లో ఒకటి వాళ్ళావిడ చేతిది. వేళ్ళ ఎముకలూ, వాటి మీద ఉంగరమూను. ప్రపంచమంతా అబ్బురపడింది. కాని తలకి ఎక్స్‌రే తీస్తే పెంకు కనిపించింది గాని లోపలి కొబ్బరి కనిపించలేదు. మెదడు మెత్తటి పదార్థం కదండీ, ఎక్స్‌రే దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది.

1918లో అమెరికాలో బాల్టిమోర్ ఊళ్ళో వాల్టర్ డాండీ అనే సర్జన్‌కి ఒక ఉపాయం తోచింది. మెదడు మధ్యలో నీళ్ళుండే గదులు ఉంటాయి. ఆ నీళ్ళు తీసి గాలి పంపిస్తే గదుల ఆకారం ఎక్స్‌రేలో తేలుతుంది. గది ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటే రెండో పక్క గడ్డ ఉన్నట్టన్నమాట. మరుసటి ఏడు వెన్నులోంచి సూదితో గాలి ఎక్కించే పద్ధతి కూడా తెచ్చారు. రోగికి మాత్రం అది నరకం. రోజుల తరబడి తలపోటూ, వాంతులూ. ఇంతా పడితే దొరికేది మెదడు ఫోటో కాదు, మెదడులోని ఖాళీ ఫోటో! ఆ ఖాళీని చూసే సుమారు యాభై ఏళ్ళపాటు ఆపరేషన్లు చేశారు.

1927లో పోర్చుగల్ దేశంలో ఎగాస్ మోనిజ్ అనే డాక్టరు మెడ దగ్గర రక్తనాళంలోకి మందు ఎక్కించి మెదడులోని రక్తనాళాల ఫోటో తీశారు. చాలా గొప్ప పని, ఇవాళ్టికీ ఆ పద్ధతి వాడుకలో ఉంది. కాని ఇదే మోనిజ్ గారు 1935లో ఇంకో పని మొదలుపెట్టారు. మనసు చెదిరిన రోగులకి మెదడు ముందు భాగంలో నరాలు కోసేస్తే నెమ్మదిస్తారని ఆపరేషన్ చేయించారు. దానికి 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. తరవాత అమెరికాలోనూ, ఐరోపాలోనూ వేలమందికి ఈ ఆపరేషన్ జరిగింది. ఎంతోమంది నెమ్మదించడం మాట అటుంచి, నవ్వూ ఏడుపూ లేని బొమ్మల్లా మిగిలిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళ సంఖ్యే ఎక్కువని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. మెదడులో రక్తం పారే దారుల్ని మొట్టమొదట చూసిన మనిషి చేసిన పనే ఇది. చూడటం వేరు, తెలుసుకోవడం వేరు అని నాకు బాగా అర్థమైంది ఈయన కథ చదివినప్పుడే.

మరి మన వైపు సంగతి? తలకి ఆపరేషన్ అంటే మన జిల్లాల వాళ్ళు ఒకప్పుడు రాయవేలూరో, మద్రాసో రైలెక్కవలసిందే. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1949లో డాక్టర్ జాకబ్ చాండీ గారు మెదడు, నరాల విభాగం ప్రారంభించారు. మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రామమూర్తి గారు మొదలుపెట్టారు. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో 1956లో డాక్టర్ బాలపరమేశ్వరరావు గారు న్యూరోసర్జరీ విభాగం పెట్టాక మన డెల్టా వాళ్ళకి దారి కొంత దగ్గరైంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మద్రాసులో అడయారు దగ్గర వి.హెచ్.ఎస్. ఆసుపత్రి ఉంది. అక్కడ రామమూర్తి గారు నెలకొల్పిన మెదడు శస్త్రచికిత్స కేంద్రానికి పెట్టిన పేరు ఎవరిదనుకున్నారు? డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారిది. మన పశ్చిమగోదావరి జిల్లా మాధవరంలో పుట్టినాయన. ఇంగ్లీషు వైద్యం చదివి, జీవితమంతా ఆయుర్వేదానికి ఇచ్చినాయన. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి గారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ మంత్రిగా పనిచేశారు. మద్రాసు రాష్ట్రంలో మంత్రి పదవి చేపట్టిన మొదటి మహిళ ఆవిడే. నాడి పట్టుకుని చూసే వైద్యానికి నిలబడినాయన పేరు తలలోకి తొంగిచూసే మిషన్లున్న చోటికి పెట్టడం నాకెందుకో భలే నచ్చింది.

సరే, అసలు కథకి వద్దాం. పాత పాటల రికార్డుల మీద గొట్టం ముందు కూచున్న కుక్కబొమ్మ గుర్తుందా? ఆ రికార్డులు చేసే ఇంగ్లండు కంపెనీ పేరు ఇ.ఎం.ఐ. అందులో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన డాక్టరు కాదు, యూనివర్సిటీ డిగ్రీ కూడా లేదు. మూసిన పెట్టెలోకి అన్ని వైపుల నుంచీ ఎక్స్‌రే పంపించి, ఎక్కడ ఎంత అడ్డు తగిలిందో లెక్క కడితే, పెట్టె తెరవకుండానే లోపల ఏముందో చెప్పవచ్చని ఆయన ఆలోచన. దోసకాయని చక్రాలుగా తరిగి ఒక్కొక్క చక్రమే చూసినట్టు, తలని కత్తి లేకుండా చక్రాలుగా తరిగి చూపించడమన్నమాట. తరిగేది లెక్క, చూపించేది కంప్యూటరు.

1971 అక్టోబరు 1న లండన్ పక్కన వింబుల్డన్‌లోని ఆసుపత్రిలో మొదటి రోగికి స్కాన్ చేశారు. ఆ రోగి ఒక స్త్రీ. మెదడు ముందు భాగంలో నల్లగా, గుండ్రంగా ఒక గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసిన డాక్టరుకి అది చూపించినచోటే దొరికింది. అదే సి.టి. స్కాన్. ఆ రోజుల్లో ఒక్కొక్క చక్రానికి అయిదు నిమిషాలు పట్టేది, లెక్క తేలడానికి గంటలు పట్టేది. ఇప్పుడు మొత్తం తల సెకన్లలో అయిపోతుంది. హౌన్స్‌ఫీల్డ్‌కీ, విడిగా ఈ లెక్క ముందే కట్టిన అలన్ కోర్మాక్‌కీ కలిపి 1979లో నోబెల్ ఇచ్చారు. గాలి ఎక్కించే ఆ పాత నరకం అంతటితో పోయింది. దానికైనా ఈ ఇంజనీరుకి మనం దణ్ణం పెట్టాలి.

నేను స్కానింగుకి వ్యతిరేకినని అనుకునేరు, కాదు సుమండీ. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తోందంటే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా స్కానున్న ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది సి.టి. స్కాన్ నిమిషాల్లో తేల్చేస్తుంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి, చిట్లినవాళ్ళకి అదే మందు ఇస్తే ప్రాణం పోతుంది. దెబ్బ తగిలి తలలో నెత్తురు చేరినా, గడ్డ పుట్టినా ఫోటోకి మించిన సాక్ష్యం లేదు.

అయితే సాక్ష్యం చెప్పినదాన్ని అర్థం చేసుకోవడంలోనే వచ్చింది చిక్కంతా. దీనికి మన దేశంలోనే జరిగిన మంచి ఉదాహరణ ఉంది, కాస్త శ్రద్ధగా వినండి.

మన దేశానికి సి.టి. స్కానులు వచ్చాక, ఫిట్స్‌తో వచ్చిన రోగుల మెదడులో చిన్న ఉంగరం లాంటి మచ్చ తరచుగా కనిపించడం మొదలైంది. ఒకటే మచ్చ, రెండు సెంటీమీటర్ల లోపు. మన దేశంలో క్షయ ఎక్కువ కదా, అది క్షయ గడ్డే అని చాలామంది డాక్టర్లు అనుకున్నారు. నెలల తరబడి క్షయ మందులు వాడించారు. మచ్చ మాయమయ్యేది. చూశారా, మందు పనిచేసిందనేవారు. కాని కొందరిలో మందు వెయ్యకుండానే మాయమైంది! 1980ల చివర వేలూరు డాక్టర్లు చాండీ గారి ఆసుపత్రిలోనే కొందరు రోగుల నుంచి ఆ మచ్చ ముక్క తీసి పరీక్ష చేస్తే, చాలావాటిలో కనిపించింది క్షయ కాదు, బద్దెపురుగు పిల్ల. పందిమాంసం ద్వారా వ్యాపించే ఆ బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, పిల్లలై, రక్తంలో పడి మెదడు చేరి అక్కడే చచ్చిపోతే ఏర్పడిన మచ్చ అది. కాలం గడిస్తే చాలామందిలో తనంతట తనే పోతుంది, ఫిట్స్‌కి మందు వాడుకుంటే చాలు.

1993లో డాక్టర్ రాజశేఖర్, ఆయన సహచరులు ఈ రెంటికీ తేడా పట్టే గుర్తులు రాశారు. మచ్చ రెండు సెంటీమీటర్ల లోపు ఉందా అన్నది ఫోటో చెబుతుంది. తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలున్నాయా, కాలూచెయ్యీ రోజురోజుకీ బలహీనపడుతున్నాయా అన్నది రోగిని చూస్తేగాని తెలియదు. ఫోటో ఒక్కటే, జబ్బులు రెండు. ఏది ఏదో తేల్చింది మళ్ళీ మనిషిని చూసిన చూపే.

ఇక్కడ మన వంటింటి సంగతి ఒకటుంది. "మేం మాంసమే ముట్టం, మాకెందుకొస్తుంది" అనకండి. ఆ పురుగు కడుపులో ఉన్నవాళ్ళ మలంలో గుడ్లు ఉంటాయి. అవి మట్టిలో, మురుగునీళ్ళు పెట్టిన ఆకుకూర మీద, కడుక్కోని చేతుల మీద ఉండి శాకాహారుల కడుపులోకీ పోతాయి. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, కేరట్ నాలుగు నీళ్ళు పోసి కడగండి.

తరవాత వచ్చింది ఎం.ఆర్.ఐ. 1973లో పాల్ లాటర్‌బర్ గారు దారి చూపించారు, పీటర్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని చురుకు చేశారు, 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. దీనిలో ఎక్స్‌రే లేదు. బ్రహ్మాండమైన అయస్కాంతం మధ్య పడుకోబెట్టి, ఒంట్లోని నీటినీ కొవ్వునూ పలకరించి బొమ్మ గీస్తుంది. అందుకే లోపలికి వెళ్ళేముందు పిన్నీసులు, తలపిన్నులు, గాజులు, మెట్టెలు, నల్లపూసలు అన్నీ తీసెయ్యమంటారు. పుస్తెలు తియ్యమంటే మనవాళ్ళు గింజుకుంటారు. ఇనుప ముక్క ఏదైనా ఉంటే అయస్కాంతం బాణంలా లాక్కుంటుంది, ప్రాణాలమీదికి వస్తుంది. పసుపుతాడు కట్టుకుని వెళితే ఆ గొడవే లేదు, మా అమ్మ అలాగే వెళ్ళింది.

1990లో సెయిజి ఒగావా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఉండగా ఎం.ఆర్.ఐ.తోనే ఇంకో విశేషం చూపించారు. మెదడులో ఏ భాగం పనిచేస్తుంటే అక్కడికి రక్తం ఎక్కువ పారుతుంది, ఆ తేడాని మిషను పట్టగలదు అని. పేపర్లలో చూస్తుంటాం కదా, మెదడు బొమ్మలో ఎర్రగా, పసుపుగా వెలిగే చోట్లు? "ప్రేమ ఇక్కడ పుడుతుంది", "భయం ఇక్కడ ఉంటుంది" అంటూ? అవన్నీ ఇవే. ఆ రంగులు మెదడులో లేవండి, కంప్యూటరు వేసినవి. అక్కడ చూసింది ఆలోచనని కాదు, రక్తాన్ని. మన లాకుల దగ్గర నిలబడితే ఏ కాలవకి నీరెక్కువ వెళుతోందో చెప్పగలం. ఆ పొలంలో వరి వేశారో చెరకు వేశారో చెప్పలేం. ఆ రైతు మనసులో ఏముందో అసలే చెప్పలేం. పైగా ఆ నీరు కూడా కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. బొమ్మలో ఒక్కొక్క చుక్కలో లక్షల నరాల కణాలుంటాయి.

దీని మీద ఒక తమాషా జరిగింది. 2009లో క్రెయిగ్ బెనెట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడూ, ఆయన మిత్రులూ బజార్లో ఒక సాల్మన్ చేప కొన్నారు. మన పులసలాగే సముద్రంలోంచి నదిలోకి ఎదురీదే చేప. చచ్చిన చేప. దాన్ని మిషనులో పడుకోబెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, "వీళ్ళ మనసులో ఏముందో చెప్పు" అని అడిగారు. లెక్క జాగ్రత్తగా కట్టకపోతే చచ్చిన చేప మెదడులో కూడా ఒకచోట వెలిగింది! వేలకొద్దీ చుక్కల్ని ఒకేసారి చూస్తే యాదృచ్ఛికంగా కొన్ని వెలుగుతాయి, వాటిని వడబోసి చూడండర్రా అని తోటి శాస్త్రజ్ఞులకి బుద్ధి చెప్పడానికే చేశారది. పులస పులుసైపోయాక కూడా మనల్ని చూసి జాలిపడుతోందంటే నమ్ముతామా?

ఇక మనసు జబ్బుల మాట. 1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టన్ అనే డాక్టరు, తోటివారు చాలాకాలంగా స్కిజోఫ్రీనియాతో ఉన్నవారికి సి.టి. తీసి, మెదడులోని నీటి గదులు మామూలువాళ్ళకంటే పెద్దగా ఉన్నాయని చూపించారు. ఇది పెంపకం దోషం, తల్లి దోషం అని ఆడవాళ్ళని నిందించే రోజులవి. అది శరీరంలోని జబ్బే అని చూపించడం ఎంత మేలు చేసిందో చెప్పలేను. కాని ఆ తేడా గుంపుకీ గుంపుకీ మధ్య తేడా. గోదావరి జిల్లాల వాళ్ళు సగటున ఇంత పొడవు అన్నామనుకోండి, ఎదురుగా నిలబడ్డ మనిషి పొడవు చూసి ఏ జిల్లావాడో చెప్పగలమా? అలాగే ఇదీను. ఇవాళ్టికి కూడా ఒక్క ఫోటో చూసి ఈమెకి డిప్రెషన్ ఉంది, ఈయనకి స్కిజోఫ్రీనియా ఉంది అని తేల్చే స్కాను లేదు. అలాంటివాళ్ళకి స్కాను తీయిస్తే అది గడ్డలాంటిది ఇంకేదైనా ఉందేమోనని చూసుకోవడానికే. పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్ళకి మామూలు స్కాను సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. ఫిట్స్ వచ్చేవాళ్ళలో కూడా ఎంతోమందికి అంతే.

మా వీధిలో ఒక కోడలుపిల్ల ఉంది. పని చేస్తూ చేస్తూ ఒక్కసారి చూపు నిలిచిపోయేది, పెదాలు చప్పరించేది, పిలిస్తే పలికేది కాదు. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా తెలిసేది కాదు. స్కాను తీయించారు, ఏమీ లేదన్నారు. అంతే, అత్తగారు "పని తప్పించుకోవడానికి వేషాలు" అని తేల్చేసింది. ఏడాది పాటు ఆ పిల్ల ఆ మాట పడింది. చివరికి ఆడపడుచు సెలవులకొచ్చి ఒకసారి కళ్ళారా చూసి, సెల్‌ఫోనులో వీడియో తీసి ఇంకో డాక్టరుకి చూపించింది. అవి ఒక రకం ఫిట్సే అన్నారాయన. మందు మొదలుపెట్టాక పాలు పొంగడం ఆగింది. మనసులోని ఒత్తిడి వల్ల వచ్చే ఫిట్స్ కూడా ఉన్నాయండి, వాటిలో స్కాను మామూలుగానే ఉండవచ్చు. అవీ నటన కావు, వాటికీ వైద్యం ఉంది.

దీనికి తిరగేసిన సంగతి ఇంకా విచిత్రం. ఫోటోలో బోలెడు ఉండి మనిషిలో ఏమీ లేకపోవడం. అమెరికాలో 1986లో డేవిడ్ స్నోడన్ అనే ఆయన సన్యాసినుల మీద పరిశోధన మొదలుపెట్టారు. 678 మంది సిస్టర్లు, తమ మరణానంతరం మెదడు ఇస్తామని ఒప్పుకున్న పుణ్యాత్మురాళ్ళు. అందులో సిస్టర్ మేరీ అని ఒకావిడ 101 ఏళ్ళు బతికారు. చివరిదాకా జ్ఞాపకశక్తి పరీక్షల్లో చక్కగా జవాబులు చెప్పారు. తీరా మెదడు చూస్తే అల్జీమర్స్ గుర్తులు నిండా ఉన్నాయి! జబ్బు లోపల ఉంది, ఆవిడ మాత్రం దానికి లొంగలేదు.

మన హైదరాబాదులో జరిగిన పని ఇంకా నాకు ఇష్టం. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, ఆమె సహచరులు మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో ప్రకటించారు. తెలుగు, ఉర్దూ, హిందీ అంటూ రెండు భాషలో అంతకన్నా ఎక్కువో మాట్లాడేవాళ్ళకి, ఒకటే భాష వచ్చినవాళ్ళకంటే జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడింది. అసలు చదువే రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, రెండు భాషలవాళ్ళలో నూటికి నలభైమందికి తెలివితేటలు చెక్కుచెదరలేదు. ఒక భాషవాళ్ళలో నూటికి ఇరవైమందికే. అన్ని దేశాల పరిశోధనల్లోనూ ఇదే ఫలితం రాలేదు, వాదన ఇంకా నడుస్తోంది. అయినా బజార్లో బేరమాడుతూ, పక్కింటావిడతో ఆవిడ భాషలో మాట్లాడుతూ గడిపిన జీవితం ఏ ఫోటోలో కనిపిస్తుంది చెప్పండి? ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి, అడిగితే చెప్పేవాళ్ళుండాలి.

అందుకే తల జబ్బుతో వెళితే మంచి డాక్టరు కవరు విప్పేముందు వెంట వచ్చినవాళ్ళని ప్రశ్నలడుగుతారు. ఫిట్ వచ్చినప్పుడు మొదట ఏ చెయ్యి కొట్టుకుంది, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, ఎంతసేపు, నాలుక కరుచుకుందా, తరవాత ఎంతసేపటికి మనిషిని పోల్చుకుంది? మతిమరుపైతే ఎన్నాళ్ళనుంచి, మొదట మర్చిపోయింది ఏమిటి, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందా, చిల్లర లెక్క తప్పుతోందా, తెలిసిన వీధిలోనే దారి తప్పుతోందా? ఈ సంగతులు ఇంట్లో చాలావరకు మనకే తెలుస్తాయి. కేలెండరు మీద తేదీ పక్కన రాసి పెట్టుకోండి. వీలైతే సెల్‌ఫోనులో తీసి ఉంచండి, ముందు మనిషిని పక్కకి ఒరిగించి పడుకోబెట్టిన తరవాతే సుమా. నోట్లో చెంచా పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టకండి, అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోను చెయ్యండి.